క్లే బార్‌కి లూబ్‌గా ఏం వాడాలి? షాంపూ నీళ్ళతో నల్ల బండి మీద మసక గీతలు

నల్లబండి_నెల్లూరు
నల్ల హ్యాచ్‌బ్యాక్, 4 ఏళ్ళ పెయింట్. పాలిష్‌కి ముందు క్లే (పెయింట్‌కి అతుక్కున్న మురికిని లాగేసే ముద్ద) చేద్దామని మొదలుపెట్టి బానెట్ సగంలో ఆపేశాను. క్లే 100 గ్రాములది, మీడియం గ్రేడ్. లూబ్‌గా, అంటే క్లే జారడానికి, 5 లీటర్ల బోరు నీళ్ళలో ఒక మూత కార్ షాంపూ. క్లే జారడం లేదు, ఉండుండి పట్టేస్తోంది. పట్టేసిన చోటల్లా బూడిద రంగు ముద్ద అంటుకుంటోంది. తుడిచి ఎండలో చూస్తే చెయ్యి నడిచిన దారంతా సన్నటి మసక గీతలు. షాపులో అడిగితే "క్లే లూబ్ అని వేరే సీసా ఉంటుంది, అదే వాడాలి" అంటున్నారు. గిన్నెల సబ్బు చాలని ఒక వీడియోలో ఉంది. రిన్స్‌లెస్ వాష్ (మళ్ళీ నీళ్ళతో కడగక్కర్లేని షాంపూ) మేలని ఇంకొకరు. వీటిలో ఏది, ఎంత కలపాలి? మిగతా బండి ఆదివారానికి అవ్వాలి.

డ్యూయల్_యాక్షన్
ఒక మూత అంటే ఎన్ని మి.లీ.? షాంపూలో వ్యాక్స్ ఉందా? చేసింది ఎన్ని గంటలకి, ఎండలోనా? క్లేకి ముందు ఐరన్ రిమూవర్ (ఇనప రజను కరిగించేది) కొట్టారా?

నల్లబండి_నెల్లూరు
మూత 10 మి.లీ. అట, సీసా మీద ఉంది. షాంపూ "వాష్ అండ్ వ్యాక్స్" రకం. పొద్దున 10కి మొదలుపెట్టా, పోర్టికోలోనే కానీ బానెట్ సగం ఎండలో ఉంది. ఐరన్ రిమూవర్ లేదు, కడిగి నేరుగా క్లే.

డ్యూయల్_యాక్షన్
అయితే తప్పంతా క్లేది కాదు. ఒక్కొక్కటే చూద్దాం.

10 మి.లీ. 5 లీటర్లలో అంటే 1:500. అది బండి కడగడానికి కలిపే పాళ్ళు, లూబ్‌కి చాలదు. షాంపూనే వాడాలనుకుంటే లీటరుకి 10 మి.లీ. పెట్టుకోండి.

రెండోది వ్యాక్స్. అసలు కారణం ఇదే అని నా అనుమానం. లూబ్ పని పెయింట్ మీద తెగని నీటి పొర పరచడం. క్లే ఆ పొర మీద తేలుతూ పోవాలి, పొరలోంచి పైకి పొడుచుకొచ్చిన మురికి రేణువులనే లాక్కోవాలి. వ్యాక్స్ ఉన్న షాంపూ పెయింట్ మీద నీళ్ళని ముత్యాల్లా చుట్టేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ముత్యానికీ ముత్యానికీ మధ్య పెయింట్ పొడిగా ఉన్నట్టే లెక్క. క్లే అక్కడికి రాగానే పట్టేస్తుంది.

మూడోది వేడి. నల్ల బానెట్ మీద ఎండ పడితే లూబ్ అర నిమిషం కూడా నిలవదు. క్లే కూడా మెత్తబడి పూసుకుపోతుంది. మీరు చెప్పిన బూడిద ముద్ద అదే.

ఇక మీడియం గ్రేడ్. నల్ల రంగు మీద, అందులోనూ మెత్తటి క్లియర్‌కోట్ (రంగు మీది పారదర్శక పొర) అయితే ఎంత మంచి లూబ్ పోసినా మీడియం కాస్తో కూస్తో మసక వదులుతుంది. ఫైన్ గ్రేడ్ తెచ్చుకోండి. దానితో రాకపోతే అప్పుడు ఆ ఒక్క చోట మీడియం.

మైక్రోఫైబర్_మామ
షాంపూని మరీ అంత చులకన చేయకండి. వ్యాక్స్ లేని, పీహెచ్ న్యూట్రల్ షాంపూ అయితే లీటరుకి 10 మి.లీ. కలిపి బకెట్‌తో ధారాళంగా పోసుకుంటూ చేయొచ్చు. 3 లీటర్లు పోసినా 30 మి.లీ. ఖర్చు. సీసాలో వచ్చే క్లే లూబ్‌ని జనం పొదుపుగా కొడతారు, గీతలు పడేది ఆ పొదుపు దగ్గరే. ఖరీదైన లూబ్ పిసినారిగా వాడేకంటే మామూలు షాంపూ నీళ్ళు వరదలా పోయడం మేలు.

ఒకటే జాగ్రత్త. ఎక్కువ కలిపితే ఇంకా జారుతుందని లీటరుకి 40, 50 మి.లీ. పోసేవాళ్ళున్నారు. నీళ్ళు ఆరేకొద్దీ అది జిగురవుతుంది. నురగ కూడా దండగే, నురగలో ఉండేది ఎక్కువగా గాలి. ఫోమ్ గన్‌తో బండంతా తెల్లగా కప్పేసి దాని మీద క్లే తోస్తే కింద నీళ్ళున్నాయో లేదో కంటికి కనపడదు.

కుంకుడురసం
మా అమ్మమ్మ ఫార్ములా ఎవరూ చెప్పలేదేంటి? రాత్రి నానబెట్టి పొద్దున పిసికితే జారుడే జారుడు.

మైక్రోఫైబర్_మామ
@కుంకుడురసం జారుతుంది నాయనా, కాదనను. కుంకుడులో ఉండే సపోనిన్ నురగనిచ్చేదే. కానీ ఎంత వడగట్టినా పిప్పి, తొక్క ముక్కలు మిగులుతాయి. తల మీద పర్లేదు, క్లియర్‌కోట్ మీద అవి గీస్తాయి. పైగా కళ్ళు మండుతూ బానెట్ మీద గీతలు వెతుక్కోవాలి.

ఓరుగల్లు_వీల్‌నట్
గిన్నెల సబ్బు ముచ్చట ఎవరూ తియ్యలే, నేనే చెప్తా. ముట్టకు తమ్మీ. నురగ మస్తుగొస్తది గని జారుడుండది. దాని పనే జిడ్డు లాగుడు. గిన్నె కడిగినంక కిర్రుమంటది సూడు, ఆ కిర్రు క్లే కింద వస్తే ఏమైతదో నువ్వే సోచాయించు. ఇంకోటి, కొన్ని క్లేలు గట్టి డిటర్జెంట్ల నానితే ముక్క నీళ్ళల్ల విడిపోతది. చేతికి జిగట, పెయింట్ మీద మరకలు.

నీ లూబ్‌కి నీ క్లేకి పొత్తు కుదురుతదో లేదో ముందే సూస్కో. శనగ గింజంత క్లే ముక్క గిన్నెల వేసి ఆ లూబ్ పోసి గంట ఉంచు. ముక్క వేళ్ళకు సాగి అంటుకున్నా, నీళ్ళు తెల్లగైనా ఆ రెండిటికి పడదన్నట్టు.

కుంకుడురసం
గిన్నెల సబ్బులో ఉప్పు ఉంటుంది, బండి తుప్పు పడుతుందని మా కాలనీ వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

ఓరుగల్లు_వీల్‌నట్
చిక్కదనానికి చానా వాటిల ఉప్పు కలుపుతరు, అది నిజమే. గని లీటరు నీళ్ళల్ల 5 మి.లీ. పోసి కడిగేస్తే తుప్పేం పట్టది. తుప్పు కత కాదు, జారుడు లేకపోవుడే అసలు కత.

లీడ్స్_తెలుగు
లూబ్ ఏదైనా ముందు మీ క్లే తయారీదారు ఏం చెప్పాడో చూడండి. ఇక్కడ యూకేలో బిల్ట్ హ్యాంబర్ ఆటో-క్లే ఉంది, దానికి ఉత్త నీళ్ళే లూబ్. కంపెనీవాళ్ళే అలా చెప్తారు. మొదటిసారి చేసేవాళ్ళు నమ్మలేక షాంపూ కూడా కలిపి, ముక్క జిగటైందని గోల పెడతారు. ఇది చూసి మిగతా బ్రాండ్లతోనూ ఉత్త నీళ్ళు వాడొచ్చనుకోకండి. చాలా క్లేలు ఉత్త నీళ్ళతో నాలుగు తోపులకే పట్టేస్తాయి.

నల్లబండి_నెల్లూరు
నా క్లే డబ్బాలో కాగితమే లేదు. డబ్బా మీద "లూబ్రికెంట్‌తో వాడండి" అని మాత్రం ఉంది.

లీడ్స్_తెలుగు
అయితే ఉత్త నీళ్ళు వద్దు.

బోరునీళ్ళ_బాధితుడు
అందరూ షాంపూ దగ్గరే ఆగిపోయారు. ఆయన వాడింది బోరు నీళ్ళు. లూబ్‌లో నూటికి 98 వంతులు నీళ్ళే కదా, ఆ నీళ్ళ సంగతి చూడరేం?

టీడీఎస్ మీటర్ అంకె ఒక్కటే చూసి కంగారు పడకండి. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ. మనకి చెరుపు చేసేది అందులో కాల్షియం, మెగ్నీషియం, అంటే కాఠిన్యం. తాగునీటికి ఐఎస్ 10500 (భారత ప్రమాణం) ప్రకారం లీటరుకి టీడీఎస్ 500 మి.గ్రా., కాఠిన్యం 200 మి.గ్రా. దాకా ఉండొచ్చు. వేరే నీళ్ళు దొరకని చోట 2000, 600 వరకు ఒప్పుకుంటారు. కొన్ని ఊళ్ళలో బోర్లు ఈ రెండో అంకెల దగ్గర తిరుగుతుంటాయి. అలాంటి నీళ్ళలో షాంపూ సగం కాల్షియంతో కుస్తీకే సరిపోతుంది. నురగ తక్కువ, జారుడు తక్కువ. ఆరితే తెల్ల చుక్కలు. నల్ల బండి మీద ఎండలో ఆ చుక్క కాలిందంటే అదో కొత్త పని.

బండి కడగడానికి బోరు నీళ్ళే వాడుకోండి. లూబ్ కలపడానికి మాత్రం వాటర్ ప్లాంట్ 20 లీటర్ల క్యాన్‌లోంచి 2 లీటర్లు తీసుకోండి. ఒక హ్యాచ్‌బ్యాక్‌కి స్ప్రేతో చేస్తే ముప్పావు లీటరు నుంచి లీటరున్నర చాలు. పెద్ద ఎస్‌యూవీకి 2 లీటర్లు.

కుంకుడురసం
ఏసీ పైపు కింద బకెట్ పెడితే ఊరికే వస్తాయిగా, లవణాలు లేని నీళ్ళు.

బోరునీళ్ళ_బాధితుడు
లవణాలుండవు, కరెక్టే. కానీ కాయిల్ మీద దుమ్ము, పైపులో నాచు కొట్టుకొస్తాయి. వాడాలంటే ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైనీళ్ళు మాత్రం పలుచటి గుడ్డలో వడగట్టండి. ఒక్క ఇసుక రేణువు ఉన్నా క్లే దాన్ని పట్టుకుని బండంతా తిప్పుతుంది.

విశాఖ_ఉప్పుగాలి
లూబ్ గురించి ఇంత మాట్లాడేవాళ్ళు క్లేకి ఎంత పని మిగల్చాలో కూడా మాట్లాడాలి. ముందు రసాయనంతో తీయగలిగింది తీసేస్తే క్లే నాలుగు తోపుల్లో తేలిపోతుంది. తోపులు తగ్గితే గీతలూ తగ్గుతాయి.

మా వైపు పోర్టు దుమ్ము, స్టీల్ ప్లాంటు వైపు గాలి, రైలు పట్టాల పక్క పార్కింగ్. పెయింట్ మీద ఇనప రజను గుచ్చుకుని ఉంటుంది. లోపలి ఊళ్ళలో లేదనుకోకండి. అపార్ట్‌మెంట్ కింద గ్రిల్ పని జరుగుతూ గ్రైండర్ నిప్పురవ్వలు ఎగిరినా అదే రజను, బ్రేకుల నుంచి వచ్చేదీ అదే. తెల్ల బండి మీదైతే నారింజ రంగు చుక్కలుగా కనిపిస్తుంది. నల్ల బండి మీద కంటికి కనపడదు, పల్చటి పాలిథిన్ కవర్‌లో చెయ్యి పెట్టి నిమిరితే ఇసుక కాగితంలా తెలుస్తుంది.

ఐరన్ రిమూవర్ నీడలో, చల్లబడిన ప్యానెల్ మీద కొట్టండి. 3 నుంచి 5 నిమిషాల్లో ఊదా రంగు కారుతుంది. ఆరనివ్వకుండా బాగా కడగండి. వాసన కుళ్ళిన గుడ్డులా ఉంటుంది, అందులో పనిచేసే థయోగ్లైకోలేట్ వాసన అది. చేతికి గ్లవుజులు. ఆ తర్వాత తారు చుక్కలుంటే తార్ రిమూవర్, మళ్ళీ షాంపూతో కడుగు, అప్పుడు క్లే. తార్ రిమూవర్ మిగిలి ఉంటే అందులోని సాల్వెంట్ క్లేని కరిగిస్తుంది. మధ్యలో కడగడం మానొద్దు.

పాలిష్_పిచ్చి
@విశాఖ_ఉప్పుగాలి ఐరన్ రిమూవర్ మీదే క్లే నడిపించేవాళ్ళున్నారుగా, దానిమీద లూబ్ కొట్టి. ఒక దెబ్బకి రెండు పనులు.

విశాఖ_ఉప్పుగాలి
ఉన్నారు, నాకు నచ్చదు. కరిగి వదులైన ఇనప రజనుని కడిగేయకుండా క్లే కింద నలుపుతున్నట్టే కదా. పైగా క్లే చేస్తూ ఉంటే అవతలి మూల ఆరిపోతుంది. టైం కలిసొచ్చేది 10 నిమిషాలు. నల్ల బండికి ఆ 10 నిమిషాలు ఇచ్చేయండి.

పాలిష్_పిచ్చి
సరే, ఒప్పుకున్నా. ఇక లూబ్‌కి వస్తే నా ఓటు రిన్స్‌లెస్ వాష్‌కే. అది తయారు చేయడమే మురికిని పట్టి పెయింట్‌కి దూరంగా తేలేలా పాలిమర్లతో చేస్తారు. క్లే లూబ్‌కి కావలసింది కూడా అదే. ఆప్టిమమ్ నో రిన్స్ లెక్క చెప్తా, మిగతావి సీసా మీద చూసుకోండి. వాషింగ్‌కి 1:256, అంటే లీటరుకి 4 మి.లీ. క్లే లూబ్‌గా 1:64, అంటే లీటరుకి దాదాపు 16 మి.లీ. క్విక్ డిటైలర్‌లా (దుమ్ము తుడిచి మెరుపు తెచ్చే స్ప్రే) వాడాలంటే 1:16, లీటరుకి 60 మి.లీ. పైచిలుకు. లీటరు లూబ్ కలపడానికి మీ కాన్సన్‌ట్రేట్‌లో 16 మి.లీ. పోతుంది, ఇంకా చవకైనది ఎక్కడుంది? మిగిలింది కడగడానికీ పనికొస్తుంది. షాపువాళ్ళు చెప్పిన క్లే లూబ్ చెడ్డదేం కాదు, బాగా జారుతుంది. కానీ చాలావరకు కలిపి పెట్టిన నీళ్ళకి డబ్బిస్తున్నాం.

కర్నూలు_కోటింగ్
రిన్స్‌లెస్‌తో కూడా క్లే పట్టేస్తోంది. సీసా మీద ఉన్నట్టే కలిపాను. 4 మి.లీ. లీటరుకి.

పాలిష్_పిచ్చి
సీసా మీద మూడు లెక్కలు ఉంటాయి, మీరు వాషింగ్ లెక్క తీసుకున్నారు. దానికి నాలుగింతలు, 16 మి.లీ. కలపండి. అలాగని 1:16కి వెళ్ళిపోకండి, చిక్కగా కలిపితే జారుడు పెరగడం మానేసి కాస్త అంటుకుంటున్నట్టు ఉంటుంది. సిరంజితో కొలవండి, మందుల షాపులో దొరికే 20 మి.లీ. సిరంజి చాలు. మూతలతో కొలిచేవాళ్ళకి ఏ రోజు లూబ్ ఆ రోజుదే.

కర్నూలు_కోటింగ్
16 మి.లీ.తో చూశా, తేడా ఉంది. ఇంకో ప్రశ్న, క్విక్ డిటైలర్ స్ప్రే ఇంట్లో ఉంది. దాన్ని లూబ్‌గా వాడొచ్చా?

డ్యూయల్_యాక్షన్
దాంట్లో ఏముందో బట్టి. సాదా క్విక్ డిటైలర్ భేషుగ్గా పనిచేస్తుంది, చాలా క్లే కిట్లలో అదే ఇస్తారు. మెగ్వయర్స్ లాస్ట్ టచ్ లాంటివి సగానికి సగం నీళ్ళు కలిపి కూడా వాడతారు. వద్దనేది మూడు రకాలని: ఆల్కహాల్ ఎక్కువున్నవి, వ్యాక్స్ ఉన్నవి, సిరామిక్ అని రాసి ఉన్నవి. ఆల్కహాల్ క్లేని మెత్తబరిచి విడగొడుతుంది. గ్లాస్ క్లీనర్ని లూబ్‌గా వాడకూడదనేది కూడా ఇందుకే. వ్యాక్స్ సంగతి పైనే చెప్పా. సిరామిక్ స్ప్రే అయితే క్లే కింద అది గట్టిపడుతూ అతుకుతుంది, మధ్యలో పట్టేస్తుంది, చివర్లో తుడిస్తే మచ్చలు. పైగా ఆ తర్వాత పాలిష్ చేయాలి కదా. పాలిష్ చేసి తీసేయబోయే పొరని ఎందుకు వేయడం?

మైక్రోఫైబర్_మామ
పాలిష్ చేయకుండా క్లే తర్వాత నేరుగా వ్యాక్స్ వేసేవాళ్ళకి వ్యాక్స్ డిటైలర్ మీద ఇంత విరోధం అక్కర్లేదు. తెల్ల బండి, ఫైన్ క్లే, చల్లటి పూట అయితే నడిచిపోతుంది.

డ్యూయల్_యాక్షన్
తెల్ల బండి మీద అన్నీ నడిచిపోతాయి మామా, గీతలు కనపడవు గనక. పెట్టిన పేరే నల్లబండి.

కుంకుడురసం
కొబ్బరినూనె? జారడంలో దాన్ని మించిందేముంది.

డ్యూయల్_యాక్షన్
క్లేలో ముద్దని కలిపి ఉంచేదే పాలీబ్యూటిన్ లాంటి జిగట పదార్థం. నూనె, కిరోసిన్, డీజిల్ ఏది తగిలినా అది వదులైపోతుంది. వాటర్ వాష్‌వాళ్ళు మెరుపు కోసం డీజిల్ కొట్టిన బండిని తెచ్చి క్లే చేస్తే ముక్క చూయింగ్ గమ్‌లా సాగేది ఇందుకే. అలాంటి బండి ముందు షాంపూతో రెండుసార్లు కడగాలి.

ఓరుగల్లు_వీల్‌నట్
ఎండ సంగతి ఇంకా చెప్పాల్సింది ఉన్నది. మే నెల మా దిక్కు 44 డిగ్రీలు, నీడలున్న బానెటే చెయ్యి పెట్టనియ్యది. పొద్దుగాల ఆరింటికి మొదలు పెట్టి ఎనిమిదింటి లోపల ముగియ్యాలె. బండి రాత్రంతా ఆగి ఉండాలె, నడిపి తెచ్చిన బండి బానెట్ ఇంజన్ వేడికి గంట దాకా సల్లబడది. వాడని సగం క్లే సల్లటి నీళ్ళ గిన్నెల ఉంచు, చేతుల ఉన్నది మెత్తబడితే మార్చుకో. మెత్తబడ్డ క్లే జారదు, పూసుకుంటది.

ఫ్యాన్ పెట్టుకోకు. నీకు హాయిగుంటది గని లూబ్ ఆరిపోతది.

ఎడిసన్_గ్యారేజ్
ఇక్కడ న్యూజెర్సీలో దానికి ఉల్టా. నవంబర్‌లో గ్యారేజ్‌లోనే క్లే రాయిలా గట్టిపడుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు వేసి పిసికితే కానీ వంగదు. గట్టి క్లే కూడా గీతలు పెడుతుంది, లూబ్ ఎంత పోసినా. వేళ్ళతో తేలిగ్గా నొక్కితే బిళ్ళలా పరుచుకోవాలి, అదే గుర్తు.

మామిడితోట_పార్కింగ్
బండి మామిడి చెట్టు కింద ఉంటుంది. పూత టైములో రూఫ్ అంతా జిగురు, దాని మీద నల్లగా మసి. క్లే పోనిస్తుంటే ఏ లూబ్‌తోనైనా అంటుకుపోతోంది.

విశాఖ_ఉప్పుగాలి
అది తేనెమంచు. పురుగు విసర్జించే చక్కెర రసం, దాని మీద పెరిగే బూజే మసి. చక్కెరని క్లేతో ఎందుకు గీకడం, నీళ్ళలో కరిగేదాన్ని? గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన టవల్ రూఫ్ మీద పది నిమిషాలు పరవండి, తర్వాత షాంపూతో కడగండి. మిగిలింది ఏదైనా ఉంటే దానికి క్లే. ఇంకోటి, సిమెంట్ చుక్కల మీద కూడా క్లే పెట్టొద్దు. లోపల ఇసుక ఉంటుంది, ఊడిందంటే లూబ్ దాన్ని ఆపలేదు. పక్షి రెట్ట కాలిన మచ్చ, బోరు నీళ్ళ చుక్కలు పెయింట్‌లోకి దిగినవి, ఇవి కూడా క్లేకి రావు. అవి గుంటలు, పైకి పొడుచుకొచ్చినవి కావు.

కర్నూలు_కోటింగ్
క్లే మిట్, క్లే టవల్ (క్లే బదులు రబ్బరు పొర ఉన్న చేతి తొడుగు, గుడ్డ) వాటికీ ఇదే లూబా?

పాలిష్_పిచ్చి
అదే లూబ్, కానీ ఇంకా ఎక్కువ కావాలి. మిట్ కింద పరుచుకునే వైశాల్యం ఎక్కువ, ఇంకా అది నీళ్ళని పీల్చుకుంటుంది. బకెట్‌లో 5 లీటర్లు కలిపి మిట్‌ని ముంచి ముంచి వాడండి. కొత్త మిట్ రబ్బరు మీద తయారీ పొడి లాంటి పొర ఉంటుంది, ముందు కిటికీ అద్దం మీద రెండు మూడు నిమిషాలు రుద్ది అది పోగొట్టండి. లేదంటే పెయింట్ మీద రబ్బరు మరకలు పడతాయి. మంచి గుణం ఏంటంటే కింద పడితే కడిగి వాడుకోవచ్చు. క్లే ముక్క నేల మీద పడితే ఇక చెత్తబుట్టే. ఎంత పిసికినా లోపలికి పోయిన ఇసుక మళ్ళీ పైకి వస్తుంది.

మైక్రోఫైబర్_మామ
అందుకే 100 గ్రాముల ముక్కని ఎప్పుడూ మొత్తం తీయకండి. నాలుగు చేయండి. పడింది 25 గ్రాములైతే అంత ఏడుపు రాదు.

నల్లబండి_నెల్లూరు
ఫైన్ క్లే, రిన్స్‌లెస్ వాష్, ఐరన్ రిమూవర్ ఆర్డర్ పెట్టాను. ఆదివారం ఎలా చేయాలో వరసగా ఒకరు చెప్పండి. ఇంకా సగం బానెట్ మీద ఉన్న గీతల సంగతి కూడా.

డ్యూయల్_యాక్షన్
శనివారం సాయంత్రం ఎండ పోయాక వ్యాక్స్ లేని షాంపూతో కడుగు, ఐరన్ రిమూవర్, కడుగు. బానెట్ మీద అంటుకున్న క్లే ముద్దకి కొంచెం తార్ రిమూవర్ గుడ్డకి తడిపి అద్దండి, రుద్దొద్దు. మళ్ళీ కడిగి, ఆరబెట్టి నీడలో పెట్టేయండి.

ఆదివారం ఆరింటికి మళ్ళీ పైపైన కడగండి, రాత్రి దుమ్ము పోవాలి. లీటరు ఆర్‌ఓ నీళ్ళలో 16 మి.లీ. రిన్స్‌లెస్. నర్సరీలో మొక్కలకి అమ్మే 2 లీటర్ల చేతి పంపు స్ప్రేయర్ ఉంటే అందులో పోయండి, ట్రిగ్గర్ నొక్కి నొక్కి వేళ్ళు పడిపోవు. కొత్త స్ప్రేయరే సుమా, పురుగుమందు కొట్టింది కాదు.

క్లే 25 గ్రాములు, మూడు వేళ్ళ వెడల్పు బిళ్ళలా వత్తండి. ఒకసారికి 45 సెంటీమీటర్ల చదరం, అంతకు మించొద్దు. ప్యానెల్ మీద లూబ్ కారేంత కొట్టండి, క్లే ముఖం మీద కూడా రెండు సార్లు. వేళ్ళ బరువు చాలు, నొక్కొద్దు. నిలువుగా తిన్నటి గీతల్లో నడపండి, గుండ్రంగా తిప్పొద్దు. తిన్నటి గీత పడినా పాలిష్‌కి తేలిగ్గా పోతుంది. మొదట్లో గరగరమని చేతికి తెలుస్తుంది, కాసేపటికి నిశ్శబ్దం. నిశ్శబ్దమైందంటే అక్కడితో ఆపేయాలి. ఇంకో నాలుగు తోపులు తోద్దామనే ఆశే నల్ల బండికి శత్రువు. పట్టేసినట్టు అనిపించిన క్షణం తోయకుండా చెయ్యి ఆపి, లూబ్ కొట్టి, అప్పుడు ఎత్తండి.

ప్రతి చదరం తర్వాత క్లే ముఖం చూడండి, గోధుమ రంగు కనిపిస్తే మడిచి కొత్త ముఖం తీయండి. పైనుంచి కిందికి రండి: రూఫ్, బానెట్, డిక్కీ, డోర్ల పై సగం. డోర్ల కింది భాగం, చక్రాల వెనక చివర్లో, అక్కడికి వేరే ముక్క. లూబ్ ఆరకముందే మెత్తటి మైక్రోఫైబర్‌తో తుడవండి.

బానెట్ మీద మసక గీతలు కంగారు పడేవి కావు. క్లియర్‌కోట్ పైపైన పడినవి. ఎలాగూ పాలిష్ చేస్తున్నారు, డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిష్ మెషీన్, మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో రెండు మూడు విడతల్లో పోతాయి. పోకపోతే అప్పుడు ఒక మెట్టు గట్టిది.

కర్నూలు_కోటింగ్
సిరామిక్ కోటింగ్ ఉన్న బండికి, పీపీఎఫ్‌కి (పెయింట్ మీద అతికించే రక్షణ ఫిల్మ్)?

పాలిష్_పిచ్చి
కోటింగ్ ఉంటే ముందు ఐరన్ రిమూవర్‌తో సరిపెట్టుకోండి, క్లే కోటింగ్‌ని కొంచెం కొంచెం అరగదీస్తుంది. తప్పదంటే అత్యంత ఫైన్ క్లే, కావలసిన చోటే. పీపీఎఫ్ మీద అంచుల దగ్గరికి పోనివ్వకండి, అంచు లేచిపోతుంది. మ్యాట్ పెయింట్ మీద క్లే అసలు వద్దు, రుద్దిన చోట నిగనిగలాడుతూ మచ్చ పడుతుంది, అది పోదు.

నల్లబండి_నెల్లూరు
అయింది. ఆరింటికి మొదలుపెడితే ఎనిమిదిన్నర. లూబ్ ముప్పావు లీటరు పైన అయిపోయింది. ఐరన్ రిమూవర్ కొట్టగానే వెనక బంపర్ అంతా ఊదా రంగు కారింది, నల్ల బండి మీద ఇంత ఉంటుందని అనుకోలేదు. ఒక్క చోటే పట్టేసింది, డిక్కీ మూల ఎండ తగిలిన దగ్గర. కొత్త గీతలు టార్చ్ పెట్టి చూసినా లేవు, పాత సగం బానెట్ అలాగే ఉంది, పాలిష్ వచ్చే వారం. మిగిలిన క్లే ఎలా దాచాలి? ఫ్రిజ్‌లోనా?

మైక్రోఫైబర్_మామ
ఫ్రిజ్ వద్దు, గట్టిపడుతుంది. మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి పైన నాలుగు చుక్కలు అదే లూబ్ చల్లి, నీడలో ఉంచండి. ఎండిన క్లే పగుళ్ళిస్తుంది, మళ్ళీ కుదరదు. డబ్బా మీద పేరు రాయండి.

కుంకుడురసం
పేరు రాయకపోతే ఇంట్లోవాళ్ళు మైదా ముద్దనుకుని పూరీలు వత్తుతారు.

నల్లబండి_నెల్లూరు
ఇప్పటికే ఒకసారి అడిగారు, ఇదేం పిండి అని.